ఇంటిలోని పాత రౌటరు

రాయదుర్గములో మా కాపురము ఒక బహుళాంతస్తుల భవనములో, మొదటి అంతస్తున. కిటికీ తెరచినచో ఒకప్పుడు గుండ్లును, వాటి నడుమ సీతాఫలపు పొదలును కనబడెడివని ఇచ్చటి పాత కాపురస్థులు చెప్పుచుందురు. ఇప్పుడు కనబడునవి అద్దాల మేడలు. 1998లో మాదాపురమున సైబర్ టవర్స్ తెరచిన నాటి నుండి ఉద్యోగములు ఇటు తరలి వచ్చినవి. 2019 నవంబరు 29న మెట్రో రైలు రాయదుర్గము వరకు వచ్చినది. 2020 సెప్టెంబరులో దుర్గము చెరువుపై తీగల వంతెన తెరచిరి. గోలకొండ కోటకు ఒకప్పుడు మంచినీరిచ్చినదని చెప్పుకొను ఆ చెరువు మీదుగా నేడు రాత్రింబవళ్లు కార్లు పోవుచున్నవి.

ఇంత కొత్త లోకము నడుమ, మా ముందుగదిలో, మా తండ్రిగారి నాటి వాల్వు రేడియో ప్రక్కన, 2013లో కొన్న రౌటరు ఒకటి ఉండెడిది. తీగ ద్వారా ఇంటికి వచ్చు ఇంటర్నెట్టును అలలుగా మార్చి గదిగదికి పంచు నల్లని పెట్టె అది. నెత్తిన రెండు కొమ్ములు, ముందు వరుసగా ఆకుపచ్చ దీపములు. పన్నెండేండ్లు అది ఏ గొడవయు లేక పని చేసినది గనుక, అది ఉన్నదను సంగతియే మేము మరచితిమి.

2025 వేసవిలో అది మొరాయింప మొదలిడెను. సాయంకాలము ఏడు గంటలు దాటినచో తెరపై బొమ్మ నిలిచిపోవును, మాట ముక్కలగును. మా కోడలు వారమునకు మూడు దినములు ఇంటి నుండియే కార్యాలయపు పని చేయును. ఒకనాడు ఆమె విదేశములోని పై అధికారులతో మాటలాడుచుండగా, తెరచిన నోరు తెరచినట్లే ఆమె ముఖము తెరపై నిలిచిపోయినదట. అవతలివారు అయిదు నిమిషములు ఆ బొమ్మనే చూచుచు కూర్చుండిరట. ఆ రాత్రి భోజనముల వద్ద సభ జరిగినది.

"పారవేయుదము, నాన్నగారూ! పన్నెండేండ్లు వాడితిమి, చాలదా?" అని మా కుమారుడనెను. దీపములు వెలుగుచున్న వస్తువును పారవేయుట మా ఇల్లాలికి ఇష్టము లేదు. మూడవ మాట గుమ్మము వద్ద నుండి వచ్చినది. మా భవనపు కాపలాదారు కుటుంబము పాలమూరు వైపు నుండి వచ్చినవారు. సెల్లారులోని గదిలో ఉందురు. అతని భార్య ఏదో పని మీద వచ్చి, మా మాటలు విని, "మీకు అక్కెర లేకుంటే మా బిడ్డకియ్యుండ్రి అమ్మా! ఇంటరు చదువుతున్నది, ఫోనుల పాఠాలు అందుత లెవ్వు" అనెను.

ఇవ్వవచ్చును గదా అని మాకందరకును తోచినది. కాని పెట్టె నిజముగా చెడినదా, లేక తప్పు మరొకచోట ఉన్నదా అని ముందుగా చూడదలచితిమి. చెడినదానిని ఇచ్చుటయు తప్పే, చెడని దానిని చెడినదనుటయు తప్పే.

పాత రేడియోలు వాడినవారికి ఒక అనుభవముండును. సెట్టు కొంతకాలమునకు గుయ్యిమని మూలుగ సాగును. మరమ్మతుదారు వెనుక అట్ట విప్పి, సెట్టునకంతకును ఏమియు కాలేదు, ఫిల్టరు కండెన్సరు ఎండినదని చెప్పి, దానిని మార్చును. రౌటరు విషయములోను తరచుగా జరుగునది ఇదే. గోడకు తగిలించు చిన్న అడాప్టరులో అదే జాతి కండెన్సరు ఉండును. సంవత్సరముల తరబడి వేడిలో మ్రగ్గి అది ఎండిపోవును. దీపములు వెలుగుటకు చాలినంత విద్యుత్తు వచ్చును గాని, పని పెరిగినప్పుడు చాలదు. అప్పుడు పెట్టె తనంత తానే ఆగి, మరల మొదలగును. మాది పన్నెండు వోల్టుల అడాప్టరు. సికింద్రాబాదు పార్కు లేనులో చెనాయ్ ట్రేడ్ సెంటరను కంప్యూటరు దుకాణముల సముదాయమున్నది. అచ్చట అదే వోల్టేజి, అదే ఆంపియరు గల కొత్త అడాప్టరు తెచ్చి తగిలించితిమి. పెట్టె తానుగా ఆగిపోవుట నాటితో మానినది.

రెండవది, అది ఉన్న స్థానము. మీడియం వేవ్ ప్రసారపు అల పొడవు సుమారు రెండు వందల మీటర్ల నుండి అయిదు వందల మీటర్ల పైచిలుకు వరకు ఉండును. అంతటి అలకు ఇల్లు అడ్డు కానే కాదు. రౌటరు వాడు 2.4 గిగాహెర్ట్జుల అల పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, అనగా మన జానెడు కన్నను తక్కువ. 5 గిగాహెర్ట్జుల అల అందులో సగము కూడ లేదు. ఇంత చిన్న అలలకు ఇనుప చువ్వలు గల కాంక్రీటు గోడ, బీరువా, నిలువుటద్దము, నీళ్ల తొట్టి, అన్నియు అడ్డములే. మా ఇంటిలో ఆ పెట్టె ఉన్న చోటు టెలివిజను వెనుక, నిలువుటద్దమునకు ప్రక్కన! దానిని నడవలో ఎత్తైన అరపైకి మార్చితిమి. వంటగది వరకు అల చేరినది.

మూడవది గుంపు. ఒకప్పుడు మన దేశమున రేడియో సెట్టు ఉంచుకొనుటకు తపాలా కార్యాలయమున రుసుము చెల్లించి లైసెన్సు తీసికొనవలసి యుండెడిది. 1933 నాటి వైర్‌లెస్ చట్టము క్రింది పద్ధతి అది. 2.4 గిగాహెర్ట్జుల పట్టీని భారత ప్రభుత్వము 2005 జనవరిలో లైసెన్సు అక్కరలేనిదిగా చేసినది. అందుచేతనే ఎవరికి తోచినట్లు వారు రౌటరు పెట్టుకొనగలిగిరి. కాని ఆ పట్టీలో ఒకదానిపై ఒకటి పడక పని చేయగల మార్గములు మూడే: 1, 6, 11. మా నడవలో నిలిచి ఫోను తెరచినచో ముప్పది ఇండ్ల పేర్లు కనబడినవి. సాయంకాలము అందరును ఇల్లు చేరి, అందరును ఒకేసారి మాటలాడుచుండగా, ఒకరి మాట మరొకరికి ఎట్లు వినబడును? మా పెట్టె 6వ మార్గమున ఉండెను, 11కు మార్చితిమి. అచ్చటను జనమున్నారు గాని కొంత తక్కువ.

ఈ మూడు పనులతో పెట్టె కోలుకొనినది. మా ఇల్లాలు విజయగర్వముతో మా కుమారుని వంక చూచెను. కథ ఇచ్చటితో ముగిసినచో ఈ ప్రసంగమునకు అవసరమే లేకపోవును.

వేగము మాట కొంచెము చెప్పవలెను. మా పెట్టె 2009లో స్థిరపడిన పద్ధతికి చెందినది. దానికి నేడు వైఫై 4 అని పేరు. తరువాత 2013లో అయిదవది, 2021లో ఆరవది ప్రమాణములుగా వెలువడినవి. పాత పెట్టెల తీగ రంధ్రములు అనేకము సెకనుకు 100 మెగాబిట్లకు మించి పంపవు. ఇంటికి 200 మెగాబిట్ల కనెక్షను తీసికొని, ఇట్టి పెట్టె పెట్టుకొనినవారు సగము సొమ్ము ఊరక చెల్లించుచున్నారన్నమాట. అయినను ఒక పాఠము వినుటకు, ఒక సినిమా చూచుటకు అయిదారు మెగాబిట్లు చాలును. వేగము కొరకే పాత పెట్టెను తీసివేయనక్కరలేదని మా అభిప్రాయము.

అసలు చిక్కు మా కోడలు బయటపెట్టినది. "మామయ్యగారూ, దీనికి చివరి మరమ్మతు ఎప్పుడు వచ్చినదో చూచినారా?" అని ఆమె అడిగెను. మేము అడాప్టరును చూపితిమి. ఆమె నవ్వి, పెట్టె అడుగున ఉన్న మాదిరి సంఖ్యను కంప్యూటరులో వెదకి, తయారీదారు దానికి చివరిసారి సాఫ్ట్‌వేరు దిద్దుబాటు పంపినది 2016లో అని చూపెను. తొమ్మిదేండ్లుగా దానిని పట్టించుకొన్నవారు లేరు.

దిద్దుబాటు లేకున్న నేమి అని మేము వాదించితిమి. ప్రక్కనున్న రేడియోకు అరువదేండ్లుగా ఎవరును దిద్దుబాటు పంపలేదు, అది పలుకుట లేదా? ఆలోచింపగా తేడా తెలిసినది. రేడియో వినును, అంతే. ఎవరేమి ప్రసారము చేసినను దానిని తమ దాసునిగా చేసికొనలేరు. రౌటరు వినును, మాటలాడును, అంతకు మించి వచ్చిన ఆజ్ఞను పాటించును. నిజమునకు అది తెర లేని కంప్యూటరు. లోకములోని ఏ మూల నుండియైనను దాని తలుపు తట్టవచ్చును. ఆ తలుపునకు పగులు కనబడినప్పుడు పూడ్చువారు తయారీదారులు. వారు మానుకొన్న తరువాత పగులు పగులుగానే ఉండును. దాని సంగతి మాత్రము దొంగలందరకును తెలియును.

ఇది ఊహ కాదు. 2016లో మిరాయ్ అను తెగులు, కర్మాగారములో పెట్టిన తాళపు మాటలు అరువదికి పైగా వల్లె వేసికొని, ఆ మాటలు మార్చని కెమెరాలలోను రౌటర్లలోను చొరబడి, ఆ సైన్యముతో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను స్తంభింపజేసినది. 2017 అక్టోబరులో, వైఫై సంభాషణను కాపాడు డబ్ల్యుపిఎ 2 పద్ధతిలోనే లోపమున్నట్లు పరిశోధకులు బయటపెట్టిరి. దిద్దుబాట్లు వచ్చు పరికరములు బాగుపడినవి. రానివి అట్లే నిలిచినవి. 2018 మేలో విపిఎన్‌ఫిల్టరను తెగులు 54 దేశములలో అయిదు లక్షల పరికరములను పట్టినట్లు తేలినది. అందు అధికభాగము ఇండ్లలోను చిన్న దుకాణములలోను ఉండు రౌటర్లే. మా పెట్టె మొరాయించిన ఆ 2025 మే నెలలోనే అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బిఐ మరొక హెచ్చరిక చేసినది: తయారీదారులు వదలివేసిన పాత రౌటర్లను దుండగులు వశపరచుకొని, ఇతర దుండగులకు ముసుగుగా అమ్ముచున్నారట. ఎవడో ఎచ్చటనో మోసము చేయును. విచారించువారికి కనబడు చిరునామా మాత్రము మీ ఇంటిది. మన దేశములోను 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వము సైబర్ స్వచ్ఛతా కేంద్రమును స్థాపించినది. ఇట్టి తెగులు సోకిన పరికరములను కనిపెట్టి, ఇంటర్నెట్టు సంస్థల ద్వారా ఇంటివారికి తెలుపుట దాని పనులలో నొకటి.

ఇందులో అతిశయోక్తికి చోటీయరాదు. బ్యాంకు పుటకును మీకును నడుమ సాగు సంభాషణ నేడు గుప్తలిపిలో జరుగును. రౌటరు పట్టుబడినంత మాత్రమున అది చదువబడదు. కాని మీరు బ్యాంకు పేరు కొట్టినప్పుడు, ఆ పేరునకు చిరునామా ఎచ్చట అడుగవలెనో నిర్ణయించునది చాల ఇండ్లలో ఈ పెట్టెయే. అది దొంగల చేతిలో ఉన్నచో, ఊరికి కొత్తవారిని ఆటోవాడు తప్పు వీధిలో దింపినట్లు, మిమ్ము దొంగ పుట వద్ద దింపును. కంప్యూటరు హెచ్చరిక చూపును. తొందరలో ఉన్నవారు దానిని చదువక ముందుకు నొక్కుదురు. మేమును ఆ జాతివారమే.

మరి రాయదుర్గము వంటి చోట ఇంటి రౌటరు ఇంటిది మాత్రమే కాదు. 2020 మార్చిలో దేశమంతట లాక్‌డౌను వచ్చినప్పుడు ఈ అద్దాల మేడలు ఒక్కసారిగా ఖాళీయై, వాటిలోని పని మన పడకగదులలోనికి వచ్చినది. కొంత తిరిగిపోయినది, కొంత నిలిచినది. మేడ గుమ్మమున కావలివారు, గుర్తింపు కార్డులు, కెమెరాలు. అదే కార్యాలయపు మరొక గుమ్మము మా నడవలో, తొమ్మిదేండ్లుగా తాళము దిద్దని పెట్టె రూపమున! కార్యాలయమువారు తమ పనికి వేరు రక్షణలు పెట్టుకొనుట నిజమే గాని, మా కోడలికి ఆ పెట్టె ప్రక్కన కూర్చుండుట ఇబ్బందిగా తోచినదనినచో తప్పు పట్టలేము.

కావున మా ఇంటికి కొత్తది రావలెనని తేలినది. ఇక మిగిలినది కాపలాదారు కుమార్తె మాట. ఈ సంగతిపై మేము రెండు దినములు తర్జనభర్జన పడితిమి.

ఆ బాలికను మేము ఎరుగుదుము. 2020 సెప్టెంబరు 1న తెలంగాణ ప్రభుత్వము టీ-శాట్ ద్వారాను దూరదర్శన్ యాదగిరి ద్వారాను బడి పాఠములు ప్రసారము చేయ మొదలిడినప్పుడు ఆమె ఏడవ తరగతి. వారి గదిలో టెలివిజను లేదు. మా మెట్లపై కూర్చుండి, మా పెట్టె అలలు అందుకొని, తండ్రి ఫోనులో పాఠములు చూచెడిది. ఆ పాత పెట్టె ఆమెకు ఒక సంవత్సరము చదువు చెప్పినదనియే అనవచ్చును. ఇప్పుడు ఇంటర్మీడియటు రెండవ సంవత్సరము. ఇంజనీరింగు ప్రవేశ పరీక్షకు చదువుచున్నది. పని చేయు పెట్టెను అటకపై పెట్టి, ఆమెకు లేదనుట ఎట్లు?

ఇచ్చివేయుదమనియే మా ఇల్లాలును మేమును మొదట అనుకొంటిమి. మా కోడలు ఒక్క మాట అనెను: "మనకు అపాయమని తీసివేసినది వారికి అపాయము కాదా, మామయ్యగారూ? మన ఇంటికి పోలీసులు వచ్చినచో మాటలాడుటకు మనకు నలుగురున్నారు. వారి గదికి వచ్చినచో?" దానికి మేము బదులు చెప్పలేకపోతిమి. చినిగిన చీరను దానమిచ్చినచో చినుగు కంటికి కనబడును, పుచ్చుకొన్నవారు కుట్టుకొందురు. ఈ పెట్టె చినుగు కనబడదు, వారు కుట్టుకొనునదియు కాదు.

నడుమ మార్గమొకటి చూచితిమి. తయారీదారు వదలివేసిన పెట్టెలలో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఎక్కించి ఆయువు పెంచు వారున్నారు. 2002 నాటి ఒక ప్రసిద్ధ రౌటరుపై ఔత్సాహికులు చేసిన కృషి నుండి పుట్టినది అది. నేటికిని కొత్త దిద్దుబాట్లతో వెలువడుచున్నది. మా కుమారుడు ఉత్సాహముతో దానికి పూనుకొనెను. కాని మా పెట్టెలోని జ్ఞాపకస్థానము నాలుగు మెగాబైట్లే. కొత్త రూపములు దానిలో పట్టవు. ఎనిమిదియో, పదునారో గల పెట్టె ఉన్నవారికి ఈ మార్గము తెరచియే ఉన్నది, తెలిసినవారిచేత చేయించుకొనుడు.

చివరకు మేము చేసినదిది. కొత్త రౌటరును జతగా కొంటిమి. రెండును ఒకే వలగా పని చేయు రకము. ఒకటి నడవలో, రెండవది సెల్లారుకు దిగు మెట్ల కిటికీలో, తీగతో కలిపి. మెట్ల వద్ద దానిపై అతిథులకని వేరు పేరుతో ఒక మార్గమున్నది. ఆ మార్గమున వచ్చువారికి ఇంటర్నెట్టు అందును గాని, మా ఇంటిలోని కంప్యూటర్లు కనబడవు. వారివి మాకును కనబడవు. జతకు అయిన అధిక వ్యయము, మా కుటుంబమంతయు ఒక ఆదివారము ఆ పెద్ద అంగడి మేడలలో సినిమా చూచి, భోంచేసి వచ్చిన ఖర్చుకు మించలేదు. మా ఇల్లాలు ఈ లెక్క మాకు రెండుసార్లు చెప్పినది.

కొనునప్పుడు మేము దుకాణదారుని వేగము అడుగలేదు. ఈ మాదిరికి దిద్దుబాట్లు ఎన్ని సంవత్సరములు వచ్చునని అడిగితిమి. అట్టి ప్రశ్న తన్నెవరును అడుగలేదని అతడనెను. బ్రిటనులో 2024 ఏప్రిల్ 29 నుండి అమలులోనున్న చట్టము ప్రకారము తయారీదారు ఆ గడువును ప్రకటింపవలెను. అందరకును ఒకే తాళపు మాట పెట్టి అమ్మరాదు. ఐరోపా సమాఖ్యవారి చట్టము 2027 డిసెంబరు నుండి సాధారణముగా అయిదేండ్లకు తక్కువ కాని గడువును కోరనున్నది. మనమును కొట్టువద్ద అడుగుట మొదలుపెట్టినచో ఆ గడువు ఇచ్చటి డబ్బాల మీదను అచ్చు కాగలదు. దిద్దుబాట్లు తమంత తాము దిగు ఏర్పాటు, డబ్ల్యుపిఎ 3 రక్షణ ఉన్నవా అని చూచితిమి. ఇల్లు చేరగానే పెట్టెను నడుపు తాళపు మాటను మార్చి, బయటి నుండి దానిని నడుపు వీలును మూసివేసితిమి.

పాత పెట్టెను వదిలించుకొనుటయు ఒక పనియే. దానిలో మా వైఫై తాళపు మాట, ఇంటర్నెట్టు సంస్థవారి ఖాతా పేరు అన్నియు నిలిచి ఉండును. వెనుకనున్న సన్నని రంధ్రములో పిన్నీసు పెట్టి, దీపములన్నియు ఒక్కసారి మెరయువరకు పది పదునైదు సెకనులు నొక్కి పట్టినచో అవి చెరిగిపోవును. ఆ పెట్టె ఇంటర్నెట్టు సంస్థది అయినచో వారికే ఇచ్చి రసీదు పుచ్చుకొనవలెను. లేనిచో ఎన్నడో దాని వెల మీ బిల్లులో కనబడును.

ఇనుప సామానుల బండివానికి మాత్రము ఇవ్వలేదు. అతనిపై కోపము లేదు. అతని వద్ద నుండి అది పోవు చోటు మంచిది కాదు. రాగి కొరకు తీగలు కాల్చి, లోహముల కొరకు పలకలను ఆమ్లములో ముంచు పాకలలో, ఆ పొగ పీల్చునది పనివారును వారి పిల్లలును. మన ప్రభుత్వము ఇ-వ్యర్థములకు మొదట 2011లో నియమములు చేసి, 2016లోను 2022లోను మార్చినది. ఇప్పటివి 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్నవి. పాతబడిన సామగ్రి సక్రమముగా పునర్వినియోగమగునట్లు చూచు బాధ్యత ఉత్పత్తిదారులపై ఉన్నది. పాత సర్క్యూటు పలకల నుండి లోహములను రాబట్టు పద్ధతులపై మన హైదరాబాదులోనే, చర్లపల్లిలోని సి-మెట్ సంస్థ పరిశోధన చేసినది. నమోదైన పునర్వినియోగ సంస్థల పట్టికను కాలుష్య నియంత్రణ మండలి ప్రకటించును. మా భవనములో అడుగగా తొమ్మిది ఇండ్ల నుండి పదునాలుగు పెట్టెలు, బుట్టెడు అడాప్టర్లు వచ్చినవి. ఒక ఇంటివారు ఇచ్చిన వానిలో మూడు రౌటర్లు. ఎందుకు దాచిరో వారికే తెలియదు. అన్నిటిని ఒక్కసారిగా అట్టి సంస్థకు అప్పగించితిమి.

కొత్త అడాప్టరును మాత్రము ఇవ్వలేదు. అది పన్నెండు వోల్టులది, మంచిది. మెట్ల కిటికీలోని పెట్టెకు సరిగా సరిపోయినది. ఆ పెట్టె అడుగున ఒక కాగితము అంటించి, కొన్న నెలను, దిద్దుబాట్లు ఆగు సంవత్సరమును కాపలాదారు కుమార్తెచేతనే వ్రాయించితిమి. ఆమె 2030 అని వ్రాసి, అప్పటికి తన ఇంజనీరింగు చివరి సంవత్సరమగునని వ్రేళ్లపై లెక్క పెట్టినది.